నాబ్ వదలగానే పైలట్ మంట ఆరిపోతోంది: పాత గ్యాస్ ఫర్నేస్

చలిమంట | సోమవారం, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. మా ఇంటి నేలమాళిగలో ఇంటిని వెచ్చబరిచే ఒక పాత గ్యాస్ ఫర్నేస్ ఉంది. ఇల్లు కొన్నప్పుడు దాంతోపాటే వచ్చింది. బర్నర్‌ను వెలిగించడానికి ఎప్పుడూ చిన్న పైలట్ మంట వెలుగుతూ ఉండే రకం. రెండు చలికాలాలు ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది. నిన్న తెల్లవారుజామున చలికి మెలకువ వచ్చి కిందికి వెళ్లి చూస్తే పైలట్ ఆరిపోయి ఉంది.

తలుపు లోపలి వైపు అంటించిన సూచనలు చదివి, అలాగే వెలిగించాను. నాబ్ నొక్కి పట్టుకున్నంతసేపూ వెలుగుతుంది. వేలు తీయగానే టక్‌మని చిన్న శబ్దం వచ్చి ఆరిపోతుంది. అర నిమిషం పట్టుకున్నా, రెండు నిమిషాలు పట్టుకున్నా అంతే. పది సార్లకు పైగా ప్రయత్నించాను. ఫోటోలు కూడా పెడుతున్నాను.

మా నాన్నగారికి డెబ్బై ఆరేళ్లు. ఆయన చలికి తట్టుకోలేరు. ప్రస్తుతం ఆయన గదిలో కరెంటు హీటర్ పెట్టాను. థర్మోకపుల్ (పైలట్ మంట వేడికి కొద్దిపాటి కరెంటు పుట్టించే భాగం) మారిస్తే సరిపోతుందని ఎక్కడో చదివాను. నిజమేనా? నేను చేసుకోగలిగిన పనేనా?

పనిముట్లపెట్టె | సోమవారం, రాత్రి 10:05

థర్మోకపులే. నాకూ అచ్చం ఇలాగే జరిగింది. కొత్తది వేశాను, ఆ తర్వాత మూడేళ్లుగా మళ్లీ దాని జోలికి వెళ్లలేదు. ఒక స్పానర్, అరగంట సమయం చాలు.

కొలిమి | సోమవారం, రాత్రి 10:31

థర్మోకపుల్ కావచ్చు. కాకపోవచ్చు కూడా. ముప్ఫై ఏళ్లు ఫర్నేస్‌ల మరమ్మతు చేశాను. కొత్త థర్మోకపుల్ వేసిన వారానికే మళ్లీ పిలుపు వచ్చిన ఇళ్లు చాలా చూశాను. అందుకే ముందు కొన్ని ప్రశ్నలు అడుగుతాను.

అన్నిటికన్నా ముందు: గ్యాస్ వాసన వస్తోందా? వస్తే ఇక వెలిగించే ప్రయత్నం చేయకండి. లైటు స్విచ్ కూడా ముట్టుకోకండి. అందరూ బయటికి వెళ్లి, బయటి నుంచే గ్యాస్ సరఫరా వాళ్లకు ఫోన్ చేయండి. వాసన లేకపోయినా, ఒకసారి వెలగకపోతే నాబ్‌ను ఆఫ్‌లో పెట్టి కనీసం ఐదు నిమిషాలు ఆగాలి. లోపల నిలిచిన గ్యాస్ చెదిరిపోవడానికి ఆ సమయం కావాలి. మీది సిలిండర్ గ్యాస్ అయితే అది గాలికన్నా బరువు, నేలమాళిగలో అడుగునే పేరుకుంటుంది. కాబట్టి ముక్కు నేల దగ్గరికి పెట్టి వాసన చూడండి.

ఇక అసలు సంగతి. నాబ్ నొక్కినప్పుడు మీ వేలి బలంతో వాల్వ్ లోపలి ఒక చిన్న మూత తెరుచుకుంటుంది. ఆ మూతను తెరిచి ఉంచే పని ఒక బుల్లి విద్యుదయస్కాంతానిది. దానికి కరెంటు ఇచ్చేది థర్మోకపుల్, ఆ థర్మోకపుల్‌ను వేడెక్కించేది పైలట్ మంట. పుట్టే కరెంటు చాలా స్వల్పం. మూతను లాగి తెరిచే శక్తి దానికి లేదు, తెరిచిన మూతను పట్టి ఉంచగలదు, అంతే. అందుకే మొదట మీరు వేలితో నొక్కాలి. మీకు వినిపించిన ఆ టక్ శబ్దం అయస్కాంతం పట్టు వదిలిందనడానికి గుర్తు.

పట్టు ఎందుకు వదిలింది? మంట చాలక థర్మోకపుల్ వేడెక్కకపోయి ఉండవచ్చు. వేడెక్కినా కరెంటు పుట్టకపోయి ఉండవచ్చు. కరెంటు పుట్టినా దారిలో ఎక్కడో తెగి ఉండవచ్చు. అంతా సరిగ్గా ఉన్నా అయస్కాంతమే బలహీనపడి ఉండవచ్చు. నాలుగిట్లో ఏదో తేలకుండా ఏ సామానూ కొనకండి.

నాకు రెండు సంగతులు చెప్పండి. పైలట్ మంట ఏ రంగులో ఉంది? థర్మోకపుల్ కొనను ఎంత మేర కప్పుతోంది?

చలిమంట | సోమవారం, రాత్రి 11:10

ఇంత వివరంగా రాసినందుకు కృతజ్ఞతలండీ. గ్యాస్ వాసన లేదు, నేల దగ్గర కూడా చూశాను. మాది పైపు గ్యాసే.

మంట పసుపు రంగులో ఉంది. అడుగున కొంచెం నీలం. నిటారుగా లేదు, మెత్తగా ఒక పక్కకు వాలి ఊగుతోంది. పక్కనే రాగి గొట్టంలాంటిది ఉంది, దాని చివరను అప్పుడప్పుడు తాకుతోందంతే.

కొలిమి | సోమవారం, రాత్రి 11:24

అయితే దోషం మంటలోనే ఉండే అవకాశం ఎక్కువ. ఆరోగ్యంగా ఉన్న పైలట్ మంట నీలంగా, గట్టిగా, కదలకుండా ఉంటుంది. థర్మోకపుల్ పైభాగాన్ని సుమారు 10 నుంచి 12 మిల్లీమీటర్ల మేర చుట్టుకుని ఉంటుంది. మీరు చెప్పినది ఊపిరాడని మంట. గాలి లోపలికి వెళ్లే చిన్న రంధ్రం మూసుకుపోయి ఉండాలి, లేదా గ్యాస్ వచ్చే జెట్టులో మురికి చేరి ఉండాలి. ఈ రాత్రికి గ్యాస్ ఆపి పడుకోండి. ఇలాంటి పని నిద్రమత్తులో చేయకూడదు.

మిల్లీవోల్టు | మంగళవారం, ఉదయం 6:50

కొలిమి గారి మాటకు ఒక కొలత జోడిస్తాను. వోల్టేజి కొలిచే మల్టీమీటర్ ఉంటే ఊహించాల్సిన పనే ఉండదు.

రెండు వేర్వేరు లోహాలను ఒక చివర కలిపి ఆ చివరను వేడి చేస్తే, చల్లగా ఉన్న అవతలి చివర కొద్దిపాటి వోల్టేజి కనిపిస్తుంది. 1821లో సీబెక్ గమనించిన విషయం ఇది. మీ ఫర్నేస్ ప్రాణం దీనిమీదే నిలబడి ఉంది. బయటి నుంచి తీగ లేదు, బ్యాటరీ లేదు. ఇంట్లో కరెంటు పోయినా పైలట్ ఆరకపోవడానికి కారణం ఇదే.

కొలిచే విధానం: గ్యాస్ వాల్వ్‌లోకి బిగించి ఉన్న థర్మోకపుల్ నట్టును విప్పండి. మంట దగ్గరి చివరను కదపవద్దు. మల్టీమీటర్‌ను డీసీ మిల్లీవోల్టుల మీద పెట్టండి. ఒక ప్రోబ్‌ను రాగి గొట్టానికి, రెండోదాన్ని చివర ఉన్న చిన్న బొడిపెకు ఆనించండి. ఇంకొకరిని నాబ్ నొక్కి పట్టుకుని పైలట్ వెలిగించమనండి. ఒక నిమిషం ఆగి అంకె చూడండి. 25 నుంచి 30 మిల్లీవోల్టులు వస్తే థర్మోకపుల్ బాగున్నట్టు. 20 దాటకపోతే థర్మోకపుల్ బలహీనపడి ఉండాలి, లేదా మంట చాలడం లేదని అర్థం. అందుకే మంటను సరిచేశాక మరోసారి కొలవాలి.

తిరిగి బిగించేటప్పుడు ముందు వేళ్లతో బిగించి, ఆ తర్వాత స్పానర్‌తో పావు చుట్టు తిప్పితే చాలు. బలంగా బిగిస్తే చివర ఉన్న మెత్తని ఇన్సులేషన్ నలిగి షార్ట్ అవుతుంది. కొత్త థర్మోకపుల్‌లు బిగించిన రోజే పాడవడానికి ఇదొక కారణం.

చలిమంట | మంగళవారం, సాయంత్రం 5:35

మా అబ్బాయి నాబ్ పట్టుకున్నాడు, నేను కొలిచాను. 11 దగ్గర ఊగుతోంది. మంట పక్కకు వాలినప్పుడు 8కి పడిపోతోంది.

పనిముట్లపెట్టె | మంగళవారం, సాయంత్రం 5:50

సన్నని తీగ ఒకటి తీసుకుని జెట్టు రంధ్రంలోకి దూర్చి రెండు సార్లు తిప్పండి, మురికి ఊడి వస్తుంది.

కొలిమి | మంగళవారం, సాయంత్రం 6:12

దయచేసి తీగ దూర్చకండి. ఆ రంధ్రం కొలత లెక్కకట్టి పెట్టినది. జెట్టు మెత్తని లోహం, తీగతో గీరితే రంధ్రం పెద్దదవుతుంది. అప్పుడు గ్యాస్ ఎక్కువై మంట మసి పడుతుంది. గాలి మాత్రమే వాడండి.

చలిమంట గారూ, ఫర్నేస్‌కు వచ్చే పైపు మీది కాక్ మూసేయండి. కరెంటు స్విచ్ కూడా ఆపండి. లోపలి భాగాలు పూర్తిగా చల్లారనివ్వండి. పైలట్‌కు వెళ్లే సన్నని గొట్టాన్ని రెండు చివర్లా విప్పి, పైలట్ ఉన్న బిగింపును బయటికి తీయండి. తీసే ముందు ఫోటో తీసుకోండి, ఎటు తిరిగి ఉందో తర్వాత గుర్తుండదు. జెట్టును, గాలి రంధ్రాన్ని, గొట్టాన్ని డబ్బాలో వచ్చే పీడన గాలితో ఊదండి. థర్మోకపుల్ కొన మీద మసి ఉంటే సన్నని ఉక్కు పీచుతో సుతారంగా తుడవండి. తిరిగి బిగించి పైలట్ వెలిగించాక, విప్పిన ప్రతి జోడింపు మీదా సబ్బు నురగ రాసి చూడండి. బుడగ లేస్తే అక్కడ కారుతున్నట్టే. వెంటనే గ్యాస్ ఆపేయండి.

ఇందులో ఏ ఒక్క మెట్టు దగ్గర చేయి వణికినా ఆపి మెకానిక్‌ను పిలవండి. అందులో తప్పేమీ లేదు.

చలిమంట | బుధవారం, ఉదయం 11:20

చేశాను. గాలి రంధ్రంలో సాలెగూడు, దానికి అతుక్కున్న దుమ్ము. జెట్టులోంచి తుప్పు పొడి రాలింది. బిగించి వెలిగిస్తే మొదట వెలగలేదు. భయపడ్డాను. గొట్టంలో గాలి చేరి ఉంటుందని మిత్రుడు చెబితే ఇంకో నిమిషం నాబ్ పట్టుకున్నాను, వెలిగింది. ఈసారి నీలంగా, నిటారుగా ఉంది. 27 మిల్లీవోల్టులు! నాబ్ వదిలినా ఆరలేదు. సబ్బు నురగ మూడు చోట్లా రాశాను, బుడగలు లేవు.

కొత్త థర్మోకపుల్ కొనకుండానే పనైంది. మీ ఇద్దరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. నాన్నగారి గది మళ్లీ వెచ్చగా ఉంది.

కొలిమి | బుధవారం, మధ్యాహ్నం 12:02

చాలా సంతోషం. రెండు పనులు మిగిలాయి. ఒకటి, పైలట్‌ను కావాలని ఊది ఆర్పి గడియారం చూడండి. మూడు నిమిషాల లోపు ఆ టక్ శబ్దం రావాలి. రాకపోతే మంట లేకపోయినా గ్యాస్ వదులుతున్నట్టే, ఆ వాల్వ్‌ను నమ్మకూడదు. రెండోది, ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉందా?

చలిమంట | బుధవారం, మధ్యాహ్నం 12:40

50 సెకన్లకు టక్‌మంది. అలారం ఉంది, మెట్ల దగ్గర గోడకు.

వెన్నెలవాకిలి | బుధవారం, రాత్రి 8:15

మధ్యలో వస్తున్నందుకు మన్నించండి. నాది ఫర్నేస్ కాదు, నీళ్లు కాచే గ్యాస్ గీజరు, కానీ సమస్య అదే. కొత్త థర్మోకపుల్ వేశాం. మల్టీమీటర్‌లో 28 చూపిస్తోంది, మంట నీలంగా ఉంది, అయినా నాబ్ వదిలితే ఆరిపోతోంది. వాల్వ్ మార్చాలంటున్నారు. వాల్వ్ చాలా ఖరీదు కదా, అందుకే అడుగుతున్నాను.

మిల్లీవోల్టు | బుధవారం, రాత్రి 8:33

వెన్నెలవాకిలి గారూ, నట్టు బిగించేటప్పుడు మరలకు ఏమైనా చుట్టారా?

వెన్నెలవాకిలి | బుధవారం, రాత్రి 8:41

అవునండీ, గ్యాస్ కారకుండా తెల్ల టేపు చుట్టారు మావారు.

మిల్లీవోల్టు | బుధవారం, రాత్రి 8:49

అదే కారణం కావచ్చు. అది గ్యాస్ జోడింపు కాదు, విద్యుత్ జోడింపు. ఆ నట్టు దగ్గర గ్యాస్ ఉండదు. టేపు కరెంటును అడ్డుకుంటుంది. విప్పి, టేపు ముక్క ఒక్కటి కూడా మిగలకుండా తీసేసి, రెండు వైపులా పొడి గుడ్డతో తుడిచి బిగించండి. అప్పటికీ నిలవకపోతే వాల్వ్ గురించి ఆలోచిద్దాం.

వెన్నెలవాకిలి | బుధవారం, రాత్రి 9:30

నిలిచింది! నిలిచిందండీ! వాల్వ్ కొనడానికి రేపు వెళ్లాలనుకున్నాం. మీకు శతకోటి వందనాలు.

చలిమంట | శనివారం, ఉదయం 7:05

మళ్లీ వచ్చాను. రాత్రి పైలట్ ఆరిపోయింది. గురువారం రాత్రి కూడా ఒకసారి ఆరింది కానీ, గాలి వల్ల కాబోలు అనుకుని వెలిగించి ఊరుకున్నాను. ఇప్పుడు వెలిగిస్తే వెంటనే నిలుస్తోంది. కొలిచాను, 27. మంట నీలం. అంటే మొదటి సమస్య కాదిది. పగలు ఆరదు, రాత్రి బాగా చలిగా ఉన్నప్పుడే ఆరుతోంది. ఏమి చూడాలో చెప్పండి.

ఇంటిమేస్త్రీ | శనివారం, ఉదయం 8:20

మొదట పెట్టిన ఫోటోలు చూశాను. థర్మోకపుల్ నట్టుకు, వాల్వ్‌కు మధ్య ఒక చిన్న ముక్క ఉంది, దాన్నుంచి రెండు తీగలు బర్నర్ పైన ఉన్న గుండ్రటి స్విచ్‌కు వెళ్తున్నాయి. అది వేడికి తెగే స్విచ్. పాతబడితే ఊరికే తెగుతుంటుంది. ఆ రెండు తీగలనూ కలిపి టేపు చుట్టేయండి. మా ఇంట్లో అలాగే చేశాను.

కొలిమి | శనివారం, ఉదయం 8:34

వద్దు. చలిమంట గారూ, ఆ తీగలు కలపకండి. ఇంటిమేస్త్రీ గారూ, మీ ఇంట్లో కలిపినవి ఈ రోజే విడదీయండి, మీ మీద కోపంతో కాదు, మీ ఇంట్లో వాళ్ల గురించి భయంతో చెబుతున్నాను.

ఆ స్విచ్ అక్కడ ఎందుకుందో వివరిస్తాను. బర్నర్ మంట లోపలి గదిలోకి వెళ్లాలి. వేడి వాయువులు పొగగొట్టం గుండా పైకి పోవాలి. ఏ కారణంగానైనా ఆ దారి మూసుకుపోతే మంట వెనక్కి తిరిగి ముందువైపుకు తన్నుకొస్తుంది. అప్పుడు ఆ స్విచ్ వేడెక్కి తెగుతుంది, థర్మోకపుల్ కరెంటు ఆగుతుంది, అయస్కాంతం వదులుతుంది, పైలట్‌తో సహా గ్యాస్ మొత్తం ఆగుతుంది. కొన్ని స్విచ్‌లు చల్లారాక వాటంతటవే కలుసుకుంటాయి, కొన్నిటికి మీట నొక్కాలి. వాటంతటవే కలిసే రకమైతే పొద్దున మీరు వెళ్లేసరికి అంతా మామూలుగా ఉంటుంది. మీరు చెబుతున్నదానికి ఇది సరిగ్గా సరిపోతోంది.

స్విచ్ కూడా పాడవుతుంది, నిజమే. కానీ అది పాడైందని అనేముందు, అది చెబుతున్నది అబద్ధమని తేలాలి.

ఇంటిమేస్త్రీ | శనివారం, ఉదయం 9:10

నాకు ఇది ఎవరూ చెప్పలేదు. ఫర్నేస్ ఆపేశాను, తీగలు విడదీశాను. మెకానిక్‌కు కబురు పెట్టాను. చలిమంట గారూ, నా సలహా వెనక్కి తీసుకుంటున్నాను, క్షమించండి.

గాలివాటం | శనివారం, ఉదయం 9:45

పొగగొట్టాలు శుభ్రం చేయడం నా వృత్తి, ఆ వైపు నుంచి చెబుతాను. చలి రాత్రి ఇంటి తలుపులు, కిటికీలు అన్నీ బిగించి ఉంటాయి. వంటగదిలో గాలి బయటికి తోసే ఫ్యాను, బట్టలు ఆరబెట్టే యంత్రం నడుస్తుంటే ఇంట్లోని గాలి బయటికి పోతుంది. ఆ లోటు పూడ్చుకోవడానికి బయటి గాలి పొగగొట్టంలోంచే కిందికి దిగుతుంది. పొగ వెనక్కి రావడానికి ఇదొక కారణం. గొట్టంలో పక్షి గూడు, ఊడిపడిన ఇటుక ముక్క ఇంకో కారణం.

పరీక్షించడం తేలిక. అన్ని కిటికీలూ మూసి, ఆ ఫ్యాన్లన్నీ వేసి, ఫర్నేస్ బర్నర్ వెలిగించండి. ఐదు నిమిషాలు గడిచాక, ఫర్నేస్ పైన పొగగొట్టం మొదలయ్యే చోట గొడుగులాంటి తెరిచిన భాగం ఉంటుంది కదా, దాని అంచు దగ్గర అప్పుడే ఆర్పిన అగ్గిపుల్ల పట్టుకోండి. పొగ లోపలికి లాక్కుపోతే మంచిది. బయటికి, మీ ముఖం మీదికి వస్తే వెంటనే ఫర్నేస్ ఆపేయండి.

కొలిమి | శనివారం, ఉదయం 10:02

సరైన పరీక్ష. దానితోపాటు ఇంకొకటి చేయండి. ఒక కుర్చీ వేసుకుని ఫర్నేస్ ఎదురుగా కూర్చుని, థర్మోస్టాట్ పెంచించి, మొదటి నుంచి చివరి దాకా చూడండి. ముఖ్యంగా బర్నర్ వెలిగిన కాసేపటికి బ్లోవర్, అంటే వెచ్చని గాలిని ఇంట్లోకి తోసే ఫ్యాను, మొదలవుతుంది. ఆ క్షణానికి ముందు మంటలు ఎలా ఉన్నాయి, ఆ తర్వాత ఎలా ఉన్నాయి, ఆ తేడా ఉంటే నాకు చెప్పండి. బ్లోవర్ గది తలుపు సరిగ్గా మూసి ఉందో లేదో ముందే చూసుకోండి, అది తెరిచి ఉన్నా మంటలు చెదురుతాయి. కిటికీ తెరవాల్సి వస్తే తెరిచేందుకు పక్కన ఒకరిని ఉంచుకోండి.

చలిమంట | శనివారం, మధ్యాహ్నం 1:15

కూర్చుని చూశాను. మూడు సార్లు నడిపాను.

అగ్గిపుల్ల పొగ చక్కగా లోపలికి వెళ్లింది, ఫ్యాన్లు వేసినా వెళ్లింది. బర్నర్ మంటలు వరుసగా, నీలంగా, కదలకుండా ఉన్నాయి. ఒకటిన్నర నిమిషం తర్వాత బ్లోవర్ మొదలైంది. ఆ మరుక్షణమే కుడి చివరి బర్నర్ మంట వణికింది. పసుపు కొసలు వచ్చాయి. ముందువైపుకు నాలుకలా చాచింది. పైలట్ ఆ పక్కనే ఉంది, అది కూడా వాలిపోయింది. మిగతా రెండు బర్నర్లు మామూలుగానే ఉన్నాయి. మూడు సార్లూ ఇంతే. మూడోసారి పైలట్ ఆరిపోయింది.

బ్లోవర్ తలుపు గట్టిగానే మూసి ఉంది.

కొలిమి | శనివారం, మధ్యాహ్నం 1:21

ఫర్నేస్ ఇప్పుడే ఆపండి. గ్యాస్ కాక్ మూయండి. మళ్లీ వెలిగించకండి, ఒక్క రాత్రికి కూడా వద్దు. కిటికీలు తెరవండి. నాన్నగారికి, మీ అందరికీ ఒంట్లో ఎలా ఉంది? తలనొప్పి, వికారం, తల తిరగడం, బయటికి వెళ్తే తగ్గి ఇంటికి రాగానే మళ్లీ మొదలవడం, ఇలాంటిదేమైనా ఉంటే బయటికి వెళ్లి వైద్యుడిని కలవండి. వివరాలు తర్వాత రాస్తాను.

కొలిమి | శనివారం, మధ్యాహ్నం 1:58

అందరి కోసం రాస్తున్నాను. ఫర్నేస్‌లో రెండు గాలులు ఉంటాయి, అవి ఎప్పుడూ కలవకూడదు. మంట నుంచి వచ్చే వాయువులు హీట్ ఎక్స్ఛేంజర్ అనే లోహపు గదుల లోపల తిరిగి పొగగొట్టంలోకి పోతాయి. ఇంటి గాలిని బ్లోవర్ ఆ గదుల బయటి వైపు నుంచి తోస్తుంది, అది వేడెక్కి గదుల్లోకి వెళ్తుంది. మధ్యలో ఉన్నది పలుచని లోహపు గోడ మాత్రమే. ఏళ్ల తరబడి వేడెక్కుతూ చల్లారుతూ ఆ గోడ వంపుల దగ్గర పగుళ్లు ఇస్తుంది.

పగులు ఉంటే, బ్లోవర్ ఆగి ఉన్నంతసేపు ఏమీ తెలియదు. బ్లోవర్ మొదలవగానే బయటి వైపు గాలి పీడనం పెరిగి పగులులోంచి మంటల గదిలోకి దూసుకొస్తుంది. ఆ గదిలోని మంట మాత్రమే చెదురుతుంది. మూడింట్లో ఒక్కటే వణికిందని చలిమంట గారు రాసింది అందుకే నన్ను భయపెట్టింది. బయటి గాలి వల్లనో పొగగొట్టం వల్లనో అయితే బ్లోవర్‌తో నిమిత్తం లేకుండా అన్నీ చెదిరేవి.

మంట చెదిరితే గ్యాస్ సరిగ్గా కాలదు, కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌కు ఆక్సిజన్‌కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. పగుళ్లున్న ఫర్నేస్ ఆ వాయువును ఇంట్లోకి చేర్చవచ్చు. మొన్న చేసిన శుభ్రం వృథా కాదు. మొదటి దోషం పోయింది కాబట్టే రెండోది కనబడింది. అప్పుడే మంట చెదరడం గురించి నేను అడిగి ఉండాల్సింది.

చలిమంట | శనివారం, రాత్రి 9:50

ఆసుపత్రి నుంచి ఇప్పుడే వచ్చాం. పది రోజులుగా నాన్నగారు పొద్దున లేవగానే తలనొప్పి అంటున్నారు. చలి అనుకున్నాం. వయసు అనుకున్నాం. సాయంత్రం తోటలో కాసేపు తిరిగితే తగ్గుతుందనేవారు. కొలిమి గారు అడిగిన ప్రశ్న చదివాక నా చేతులు చల్లబడ్డాయి.

రక్త పరీక్ష చేశారు. కార్బన్ మోనాక్సైడ్ కొంచెం ఎక్కువగా ఉందన్నారు. ఆక్సిజన్ పెట్టి, ప్రమాదం లేదని ఇంటికి పంపారు. మా తమ్ముడి ఇంట్లో ఉన్నాం ఇప్పుడు.

మెట్ల దగ్గరి అలారం విప్పి చూశాను. వెనుక ముద్రించిన తయారీ తేదీ పన్నెండేళ్ల నాటిది. మీట నొక్కితే కూత వేసింది, కానీ లోపలి సెన్సర్ ఆయువు ఎప్పుడో తీరిపోయిందట. ఆ మీట కూతను మాత్రమే పరీక్షిస్తుందని, సెన్సర్‌ను కాదని నాకు ఈ రోజే తెలిసింది.

మిల్లీవోల్టు | శనివారం, రాత్రి 10:05

నాన్నగారు క్షేమంగా ఉన్నందుకు మనసు కుదుటపడింది. ఈ చర్చ చదువుతున్న ప్రతి ఒక్కరూ దయచేసి ఇప్పుడే లేచి మీ అలారం వెనుక తేదీ చూడండి. తయారీదారును బట్టి వాటి ఆయువు ఐదు నుంచి పదేళ్లు. పడకగదుల దగ్గర ఒకటి, ప్రతి అంతస్తులో ఒకటి ఉండాలి.

వెన్నెలవాకిలి | శనివారం, రాత్రి 10:22

చూశాను. మాది తొమ్మిదేళ్లది, ఏడేళ్లు మాత్రమే పనిచేస్తుందని వెనుకే రాసి ఉంది. రేపే మారుస్తాం. చలిమంట గారూ, నాన్నగారిని జాగ్రత్తగా చూసుకోండి.

చలిమంట | మంగళవారం, సాయంత్రం 6:40

మెకానిక్ వచ్చి చూశారు. బర్నర్లు బయటికి తీసి, సన్నని కెమెరాను లోపలికి పంపి మాకు తెర మీద చూపించారు. కుడి చివరి గది పైవంపు దగ్గర పగులు, వేలెడు పొడవు. చుట్టూ మసి. ఫర్నేస్‌కు గ్యాస్ తెంపి, పైపుకు మూత బిగించి, వాడకూడదని చీటీ అంటించి వెళ్లారు.

ఒక సందేహం. ఆ పగులును వెల్డింగ్ చేయించవచ్చని ఒక బంధువు అంటున్నారు. కొత్త ఫర్నేస్ ఖర్చు చిన్నది కాదు, అందుకే అడుగుతున్నాను.

కొలిమి | మంగళవారం, సాయంత్రం 7:15

చేయించకండి. అతుకు పక్కనే లోహం మళ్లీ పగులుతుంది, ఎందుకంటే ఒక చోట పగిలేంతగా అలసిన లోహం మిగతా చోట్ల కూడా అలసే ఉంటుంది. అతుకు పెట్టి ఆ ఇంట్లో ఎవరినీ నిద్రపొమ్మని నేను చెప్పలేను. కొన్ని నమూనాలకు హీట్ ఎక్స్ఛేంజర్ విడిగా దొరుకుతుంది. మీ ఫర్నేస్ వయసుకు దొరకడం కష్టం, దొరికినా అంత డబ్బు పాత యంత్రం మీద పెట్టడం సరికాదు.

కొత్తవాటిలో ఎప్పుడూ వెలిగే పైలట్ ఉండదు. వేడి కావలసినప్పుడు నిప్పురవ్వతోనో ఎర్రగా కాలే ముక్కతోనో బర్నర్ వెలుగుతుంది, మంట ఉందా లేదా అన్నది ఒక సన్నని కడ్డీ గమనిస్తుంది. థర్మోకపుల్ గొడవ ఉండదు, రోజంతా పైలట్‌కు ఖర్చయ్యే గ్యాస్ మిగులుతుంది.

కొత్తది పెట్టించే ముందు ఒక మాట. మీ నీళ్లు కాచే గీజరు కూడా గ్యాస్‌దేనా? దాని పొగ కూడా ఇదే పొగగొట్టంలోకి వెళ్తుందా?

చలిమంట | మంగళవారం, సాయంత్రం 7:32

అవును. రెండూ ఒకే గొట్టంలోకి వెళ్తాయి. ఎందుకు అడిగారు?

గాలివాటం | మంగళవారం, సాయంత్రం 7:50

నేను చెబుతాను, ఇది నా పని. ఆదా ఎక్కువగా ఉండే కొత్త ఫర్నేస్ పొగ చల్లగా ఉంటుంది, దాన్ని ప్లాస్టిక్ గొట్టంతో గోడలోంచి బయటికి పంపుతారు. అప్పుడు పాత పొగగొట్టంలో గీజరు ఒక్కటే మిగులుతుంది. ఆ గొట్టం రెండు యంత్రాల పొగకు సరిపోయేంత వెడల్పు. గీజరు పొగ అంత వెడల్పులో వేడి కోల్పోయి పైకి లేవలేదు. లోపలి గోడల మీద నీరు చేరి ఇటుక పాడవుతుంది, పొగ వెనక్కి దిగి ఇంట్లోకి వస్తుంది. అంటే ఫర్నేస్‌తో తీరిన ప్రమాదం గీజరు రూపంలో మళ్లీ వస్తుంది. పాత గొట్టం లోపల గీజరుకు తగిన కొలతతో సన్నని లోహపు గొట్టం దింపించాలి. ఫర్నేస్ పెట్టేవాళ్లు చాలామంది ఈ మాట వాళ్లంతట వాళ్లు ఎత్తరు, మీరే అడగాలి.

చలిమంట | శుక్రవారం, రాత్రి 8:10

అడిగాను. వాళ్లు ఇచ్చిన లెక్కలో అది లేదు. అడిగాక పొగగొట్టం కొలిచి, లోపలి గొట్టం వేయాల్సిందేనని ఒప్పుకున్నారు. సోమవారం రెండు పనులూ కలిపి చేస్తున్నారు. గీజరును కూడా అప్పటి వరకు ఆపేశాం. కొత్త అలారాలు మూడు పెట్టాను, ఒకటి నాన్నగారి గది తలుపు పక్కనే. సోమవారం అన్నీ అయ్యాక, గాలివాటం గారు చెప్పినట్టు ఫ్యాన్లన్నీ వేసి గీజరు దగ్గర అగ్గిపుల్ల పొగ పరీక్ష చేసి, ఏమైందో ఇక్కడే రాస్తాను.